గొడ్డలి కామ బ్యాటు

మా నాయన మావాడి బేస్‌బాల్ బ్యాటు చేతికి తీసుకోగానే తిరగేసి పట్టుకున్నాడు. లావుగా ఉండే వైపు వదిలేసి హ్యాండిల్ చివర బొటనవేలితో తడిమి, "ఏమ్మా, ఇది గొడ్డలి కామ గదా! దీన్ని దుడ్లు పెట్టి కొన్నారా?" అన్నాడు. తిరుపతి బైరాగిపట్టెడలో ఇంటికొచ్చి గంట కూడా కాలేదు, రెండో సూట్‌కేసు తాళం ఇంకా తీయనే లేదు.

మావాడు నా వైపు చూశాడు. "కామా అంటే సెంటెన్స్‌లో పెట్టేది కదా?"

వాడికి 11 ఏళ్లు, పుట్టింది న్యూజెర్సీలో. తెలుగు అర్థమవుతుంది గానీ తాత మాట్లాడే చిత్తూరు తెలుగు సగమే అందుతుంది. సెలవులకు వచ్చినప్పుడల్లా మొదటి మూడు రోజులు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని నవ్వుకుంటుంటారు, తాత "తింటివా" అంటాడు, వీడు "తిన్నా" అంటాడు, అంతటితో సరి. ఈసారి మధ్యలోకి ఈ బ్యాటు వచ్చింది.

కామ అంటే పిడి. నాయన అన్నది నిజమే, దాన్ని అక్కడ కూడా యాక్స్ హ్యాండిల్ అనే అంటారు. మామూలు బేస్‌బాల్ బ్యాటుకు హ్యాండిల్ గుండ్రంగా ఉండి చివర గుబ్బ ఉంటుంది. దీనికేమో కోలగా ఉండి చివర ఏటవాలుగా చెక్కినట్టు ఉంటుంది. 2018లో ఎంవీపీ, అంటే ఆ ఏటి మేటి ఆటగాడు, అయిన బేస్‌బాల్ స్టార్ మూకీ బెట్స్ ఇలాంటిదే వాడాడని మావాడికీ అదే కావాల్సి వచ్చింది.

నాకు మాత్రం ఆ హ్యాండిల్ మీద మొదటినుంచీ అనుమానమే. మొదటి మ్యాచ్‌లోనే, ఆటకు ముందు బ్యాట్లన్నీ చూస్తున్న అంపైర్ మాది తీసి పక్కన పెట్టేశాడు. "ఈ వంకర హ్యాండిల్ వద్దని నెత్తీ నోరూ కొట్టుకున్నానా లేదా" అని వాణ్ణి అందరి ముందే తిట్టేశాను. తీరా చూస్తే హ్యాండిల్‌తో గొడవే లేదు. వీడు ఆడే పిల్లల బేస్‌బాల్ లీగ్, లిటిల్ లీగ్‌లో 2018 జనవరి 1 నుంచి ఈ వయసు పిల్లల బ్యాటు చెక్కది కాకపోతే దాని మీద యూఎస్ఏ బేస్‌బాల్ ముద్ర ఉండాలట. డిస్కౌంట్ చూసి నేను కొన్నదాని మీద ఉన్నది యూ ట్రిపుల్ ఎస్ ఏ ముద్ర, అది వేరే టోర్నమెంట్లకు. రెండింట్లోనూ ఎస్సులున్నాయి, ఏలున్నాయి, నాకేం తెలుసు! తప్పు నాది, తిట్లు వాడికి. కారులో ఇంటికొచ్చేదాకా నాతో మాట్లాడలేదు.

రెండోది కాంపోజిట్, అంటే కార్బన్ నారతో చేసింది. మార్చిలో చేతులు కొంకర్లు పోయే చలిలో ప్రాక్టీసుకు తీసుకెళ్తే బంతి తగిలే చోట నిలువునా చీలింది. నేను మళ్లీ హ్యాండిల్ మీదే పడ్డాను. నా లాజిక్ ఏమిటంటే, గుండ్రటి హ్యాండిల్ ఉన్న కాంపోజిట్ బ్యాటునైతే కొట్టిన ప్రతిసారీ పావు వంతు తిప్పి పట్టుకోమంటారు, దెబ్బలన్నీ ఒకేచోట పడకుండా. దీన్ని తిప్పితే చేతిలో కూర్చోదు, అంటే దెబ్బ ఎప్పుడూ ఒక్క వైపే. తయారుచేసేవాళ్లేమో తగిలేది ఆ ఒక్క వైపే కాబట్టి ఆ వైపునే చూసుకుని చేస్తామంటారు. కోచ్ ఇవేవీ వినలేదు, "ఈ చలికి కాంపోజిట్ బయటికి తీశారేమిటి" అన్నాడు. 60 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 15 డిగ్రీలు, అంతకన్నా దిగితే ఆ సరుకు పెళుసెక్కుతుందట. మూడోది అల్యూమినియం కొన్నాం, తిరుపతికి వచ్చింది అదే.

ఆ సాయంత్రం నాయన పెరట్లోంచి గొడ్డలి తెచ్చాడు. చంద్రగిరి పక్కన చేను అమ్మేసి పదేళ్లయింది, గొడ్డలి మాత్రం అమ్మలేదు. దానికున్నది తుమ్మ కామ, తనే చెక్కింది, చెమటకు నల్లబడి నున్నగా అద్దంలా ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూపించాడు. కామ గుండ్రంగా ఉంటే చేతిలో తిరుగుతుంది, దెబ్బ అడ్డంగా పడుతుంది. కోలగా ఉంటే కళ్లు మూసుకున్నా వాదర ఎటుందో చేతికి తెలుస్తుంది. నేను ఇంగ్లిష్‌లో చెప్పేలోపే మావాడు "అర్థమైంది" అని, వీడియోలో విన్నది తాతకు చెప్పమని నా మీద పడ్డాడు. చిటికెన వేలి వైపు, అరచేతి మొదట్లో హేమేట్ అని చిన్న ఎముక ఉంటుంది, గుండ్రటి గుబ్బ ఒత్తుకుని అక్కడ విరుగుతుంటుంది, ఆ ఒత్తిడి తగ్గించడానికే ఈ ఆకారం అని. నాయన ఏమీ మాట్లాడకుండా కుడిచెయ్యి చాపాడు. సరిగ్గా అక్కడ కాయ కాసి ఉంది. మావాడు దాన్ని వేలితో నొక్కి చూశాడు.

పెద్దవాళ్లు ఆడే మేజర్ లీగ్ రూల్లో బ్యాటు నున్నటి గుండ్రటి కర్ర అయి ఉండాలి, లావు 2.61 అంగుళాలు, పొడవు 42 దాటకూడదు అని ఉంది. అది విని నాయన లాయరులా లా పాయింటు పట్టుకున్నాడు, "గుండ్రం అంటా ఉన్నారు, మరి ఇదేంది?" మావాడు ఆలోచించి, కొట్టే వైపు గుండ్రంగానే ఉంది కదా అన్నాడు. తర్వాత తారు కథ చెప్పాడు. 1983 జులై 24న మేజర్ లీగ్ ఆటగాడు జార్జ్ బ్రెట్ హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొడితే, పట్టు కోసం హ్యాండిల్‌కు పూసిన పైన్ తారు 18 అంగుళాలు దాటిందని అవుట్ ఇచ్చారు. తర్వాత లీగ్ ప్రెసిడెంట్ ఆ తీర్పు కొట్టేసి, మిగిలిన ఆటను ఆగస్టు 18న ఆడించాడు. నాయనకు ఇది తెగ నచ్చింది, రెండుసార్లు చెప్పించుకున్నాడు.

మా తమ్ముడు ఇంట్లోకి వస్తూనే క్రికెటర్ హేడెన్ కథ ఎత్తుకున్నాడు. చెన్నై టీమ్ పిచ్చోడు వాడు. 2010 ఐపీఎల్‌లో హేడెన్ పొట్టి బ్లేడు, పొడుగు హ్యాండిల్ ఉన్న మంగూస్ బ్యాటుతో ఢిల్లీ మీద 43 బంతుల్లో 93 కొట్టాడు, అదీ రూల్ ప్రకారమే, హ్యాండిల్ మొత్తం పొడవులో 52 శాతం దాటకూడదంతే. అంత చెప్పినవాడే మర్నాడు కొండకు బయల్దేరేటప్పుడు డిక్కీలోంచి మా బ్యాటు తీసి ఇంట్లో పెట్టాడు. "అక్కా, అలిపిరి తనిఖీలో ఇది చూస్తే వెయ్యి ప్రశ్నలడుగుతారు. ఇక్కడ బేస్‌బాల్ బ్యాటు ఆటకు ఎవరు కొంటారు, కొట్లాటకు కొంటారు గానీ!" మావాడికి ఇది ఎంత చెప్పినా ఎక్కలేదు. ఆటకు పనికొచ్చే బ్యాటా కాదా అనేది ముద్రలు చూసి తేలుస్తారని వాడికి తెలుసు, మనిషి ముఖం చూసి తేలుస్తారని తెలియదు.

ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌లో నాలుగు రోజులు ఆడేసరికి చెమటకు గ్రిప్ ఊడొచ్చింది. బ్యాటు పోవడానికి ముందు పోయేది ఎప్పుడూ గ్రిప్పే. నాయన పాత సైకిల్ ట్యూబు కోసి, సబ్బు నీళ్లు రాసి ఎక్కిస్తుంటే మావాడు కొలిచే టేపు పట్టుకుని పక్కనే కూర్చున్నాడు. లిటిల్ లీగ్ రూల్ ప్రకారం గ్రిప్ పది అంగుళాలకు తగ్గకూడదు, జారకూడదు. పదకొండు వచ్చింది. ఫోటో తీసి కోచ్‌కు పంపాడు. ఏమిటా మెటీరియల్ అని జవాబొచ్చింది. మావాడు ఫోన్ నాకిచ్చి, "సైకిల్ ట్యూబ్ అని రాయొద్దు, తాత వేసిన గ్రిప్ అని రాయి" అన్నాడు.