నర్సింగ్ ఆఫీసర్ పరీక్ష: విద్యాతత్వాన్ని ముందు చదివితే బిట్లు ఎలా తేలికవుతాయి

వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి వైపు నుంచి నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు సిద్ధమవుతున్న మిత్రులు ఎక్కువగా అడిగేది ఏ పుస్తకం చదవాలన్నదే. మెడికల్ సర్జికల్, ఓబీజీ (ప్రసూతి, స్త్రీ వ్యాధులు), పీడియాట్రిక్స్, కమ్యూనిటీ హెల్త్ సబ్జెక్టులకు కాలేజీలో చదివిన పుస్తకాలే చాలు కాబట్టి, ఆ విషయంలో నేను కొత్తగా చెప్పగలిగింది తక్కువ. నాకు అన్నిటికంటే ఉపయోగపడింది మాత్రం మార్కులు రావనుకుని చాలామంది వదిలేసే భాగం, అంటే కొత్తగా వృత్తిలోకి అడుగుపెట్టే నర్సును ఏ నమ్మకాలతో, ఏ ప్రమాణాలతో తయారు చేయాలో చెప్పే విద్యాతత్వం.

ఈ భాగం నుంచి నేరుగా వచ్చే బిట్లు కొన్నే ఉంటాయి, వాటికి ఒక పూట సరిపోతుంది. పాఠ్యప్రణాళిక నిర్మాణానికి మొదట తత్వం ఉంటుందని, లక్ష్యాలు, పాఠ్యాంశాలు, మూల్యాంకనం దాని వెంట వస్తాయని గుర్తుంచుకోవాలి. ఆదర్శవాదానికి ప్లేటో, ప్రకృతివాదానికి రూసో, చేస్తూ నేర్చుకోవాలన్న వ్యవహారికవాదానికి డ్యూయీ గుర్తుండాలి. లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నైటింగేల్ శిక్షణాలయం మొదలైన 1860, ఢిల్లీలోనూ వెల్లూరులోనూ బీఎస్సీ నర్సింగ్ మొదలైన 1946, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చిన 1947, నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చిన 2023 సంవత్సరాలనూ ఇదే పూటలో చూసుకోవచ్చు.

అసలు ప్రయోజనం మిగతా సబ్జెక్టుల ప్రశ్నల్లో కనిపిస్తుంది. నర్సింగ్ సిద్ధాంతకర్త ప్యాట్రీషియా బెన్నర్ 1984లో నర్సు ఎదుగుదలను అయిదు దశలుగా చెప్పినప్పుడు, ఏళ్ల అనుభవంతో పరిస్థితిని చూడగానే పోల్చుకోగల నిపుణురాలిని చివరి దశలో ఉంచారు. కోర్సు పూర్తిచేసి అప్పుడే డ్యూటీలో చేరిన నర్సు ఆమె లెక్కలో రెండో దశలో ఉంటుంది. 1947 చట్టం ఉద్దేశం కూడా దేశమంతటా నర్సుల శిక్షణకు ఒకే ప్రమాణం ఉండాలన్నదే. కాబట్టి ప్రవేశస్థాయి పరీక్ష వెతికేది వార్డులో పేరున్న సీనియర్ సిస్టర్‌ని కాదని, తన పరిధి తెలిసి, రోగికి హాని జరగకుండా, ప్రతి పనికీ కారణం చెప్పగలిగే కొత్త నర్సునని నేను అర్థం చేసుకున్నాను. ఈ ఒక్క విషయం పట్టుబడిన తరువాత నా ప్రిపరేషన్ తీరే మారింది.

పత్తి పండించే మన ప్రాంతంలో పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో పనిచేసిన వారికి పురుగుల మందు కేసులు కొత్త కాదు. కంటిపాపలు సూదిమొనల్లా కుంచించుకుపోయి, నోటి నిండా నురగతో, నాడి నెమ్మదించిన స్థితిలో రోగిని తెచ్చారని, నర్సు మొదట ఏం చేయాలని ప్రశ్న వచ్చిందనుకుందాం. స్టమక్ వాష్, అట్రోపిన్ డోసు పెంచడం, బంధువులను వివరాలు అడగడం, సక్షన్‌తో స్రావాలు తీసి శ్వాసమార్గం తెరవడం అనేవి ఆప్షన్లుగా ఉంటే, అనుభవం ఉన్నవారి చూపు ముందుగా అట్రోపిన్ మీదకే పోతుంది. ఈ విషానికి విరుగుడైన అట్రోపిన్ ప్రాణం నిలిపే మందే, దాన్ని ఆలస్యం చేయకూడదు. అయితే డోసు మార్చడం డాక్టరు ఆర్డరు మీద జరిగే పని. గ్లౌజులు వేసుకుని శ్వాసమార్గం శుభ్రం చేయడం నర్సు ఎవరి కోసం ఎదురుచూడకుండా చేయగల, చేయవలసిన పని. జవాబు అదే.

ఇక్కడ కాంట్రాక్టు మీద పనిచేస్తున్న వారికి ఒక మాట చెప్పాలి. మన తెలంగాణ రాష్ట్ర పరీక్షలో రాతపరీక్షకు 80 మార్కులు, కాంట్రాక్టు లేదా అవుట్‌సోర్సింగ్ సేవకు గరిష్ఠంగా 20 మార్కులు ఉంటాయి. ఆ సేవ మార్కులు తెచ్చిపెట్టినా, రద్దీ వార్డులో అలవాటైన అడ్డదారులు రాతపరీక్షలో అడ్డుపడతాయి. పక్షవాతం వచ్చిన రోగికి త్వరగా అయిపోవాలని అన్నం తినిపించేయడం వార్డులో మామూలే. కానీ పద్నాలుగు ప్రాథమిక అవసరాలు చెప్పిన వర్జీనియా హెండర్సన్ దృష్టిలో నర్సింగ్ అంటే, బలం, సంకల్పం, జ్ఞానం ఉంటే రోగి తానే చేసుకోగలిగే పనులకు తోడ్పడుతూ, వీలైనంత త్వరగా తన కాళ్ల మీద తాను నిలబడేలా చేయడం. ఆ ప్రకారం, మింగడంలో ఇబ్బంది లేదని తేలాక, బాగున్న చేతితో రోగినే తిననిచ్చి పక్కన ఉండటమే సరైన ఆప్షన్ అవుతుంది. మరో నర్సింగ్ సిద్ధాంతకర్త ఓరెమ్ చెప్పిన స్వీయ సంరక్షణ సిద్ధాంతంలోని మూడు నర్సింగ్ వ్యవస్థలను నేను బట్టీ పట్టలేదు, ఇలాంటి ఉదాహరణలతోనే గుర్తుపెట్టుకున్నాను: స్పృహలేని రోగికి అన్నీ మనమే చేస్తాం, ఆపరేషన్ అయిన రోగితో పని పంచుకుంటాం, ఇన్సులిన్ మొదలుపెట్టి ఇంటికి వెళ్లే షుగర్ రోగికి నేర్పిస్తాం.

నర్సింగ్ ప్రాసెస్‌లో అసెస్‌మెంట్ (రోగి స్థితి పరిశీలన) మొదటిదని చెప్పి, ఆ మాట ఉన్న ఆప్షన్‌నే గుడ్డిగా ఎంచుకోమని కోచింగ్‌లలో చెప్పే సూత్రంతో నేను ఏకీభవించను. ప్రశ్నలోనే ప్రమాద లక్షణాలు ఇచ్చేశారంటే అసెస్‌మెంట్ అయిపోయినట్టే, ఇక చేయవలసిన పనినే చూడాలి. వివరాలు సరిపోకపోతేనే ముందు పరిశీలన.

పాత ప్రశ్నపత్రాలు చేసేటప్పుడు సరైన జవాబుకు టిక్కు పెట్టి వదలకుండా, మిగతా మూడింటిని ఎందుకు తోసిపుచ్చామో పక్కన ఒక్కో వాక్యం రాసుకోండి. నర్సింగ్ ఆఫీసర్ నియామకాలకు ఎయిమ్స్ నిర్వహించే నార్సెట్‌లో ప్రతి తప్పుకూ మూడోవంతు మార్కు పోతుంది కాబట్టి, కారణం రాయలేని ప్రశ్నను వదిలేయాలా అన్నది కూడా ఈ అలవాటుతోనే తెలుస్తుంది. నా నోట్స్‌లో కారణం తేలక ఎక్కువగా మిగిలినవి సైకియాట్రీ సంభాషణ ప్రశ్నలు. నర్సు, రోగి మధ్య సంబంధాన్నే చికిత్సకు సాధనంగా చూసిన పెప్లౌ 1952 నాటి సిద్ధాంతాన్ని చదివాకే వాటి చిక్కు విడిపోయింది: "ఏం కాదు, భయపడకండి" అనే ఉత్తుత్తి ధైర్యం, సలహా, మందలింపు ఉన్న ఆప్షన్లను పక్కన పెడితే, రోగిని ఇంకాస్త మాట్లాడనిచ్చే వాక్యమే సాధారణంగా మిగులుతుంది.