స్పీకర్లో గుంయ్‌మనే రొద: ఏ వైరు పీకితే ఆగుతుంది?

కంప్యూటర్ స్పీకర్లో రొద మొదలవగానే ఖరీదైన కేబుల్ కొనేస్తుంటారు. పాత కేబుల్ నలిగిపోయి ఉంటే తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు. ముందు పాట ఆపేసి, ఆ రొద ఎలాంటిదో చెవి పెట్టి వినండి.

ఎప్పుడూ ఒకే తీరుగా గుంయ్‌మంటుంటే అది కరెంటు నుంచి వచ్చేది: దేశాన్ని బట్టి 50 లేదా 60 హెర్ట్జ్, దానికి రెండు, మూడు రెట్లు ఇలా. మౌస్ కదిపినప్పుడో, పేజీ కిందికి జరిపినప్పుడో కీచుమంటే అది కంప్యూటర్ లోపలి సర్క్యూట్ల గోల. సన్నగా సుయ్‌మంటే వాల్యూమ్ సర్దుబాటు సమస్య. స్పీకర్లు ఆపేసినా కంప్యూటర్ కేబినెట్లోంచి కీచుమంటుందా? అది గ్రాఫిక్స్ కార్డులోనో పవర్ సప్లైలోనో కాయిల్ కంపించే చప్పుడు, ఆడియోతో దానికి సంబంధం లేదు.

ఇప్పుడు ఒక్కొక్క వైరూ పీకుతూ రండి. స్పీకర్ ప్లగ్ తీసి అదే జాక్‌లో హెడ్‌ఫోన్ పెట్టండి. అందులో నిశ్శబ్దంగా ఉంటే సౌండ్ చిప్ తప్పేమీ లేదు, స్పీకర్‌కీ కంప్యూటర్‌కీ మధ్యే ఏదో ఉంది. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి. రొద ఠక్కున ఆగిపోతే దారి దొరికినట్టే. స్పీకర్ నాబ్ తిప్పినా రొద పెరగడం, తగ్గడం లేదంటే అది నాబ్ దాటాక, అంటే యాంప్లిఫయర్ లోపలే పుడుతోంది.

గుంయ్‌మనే రొదకు ఎక్కువగా కారణం గ్రౌండ్ లూప్. కంప్యూటర్‌కి మూడు పిన్నుల ప్లగ్, యాంప్లిఫయర్‌కీ మూడు పిన్నులే. రెండూ ఎర్త్ ద్వారా ఎలాగూ కలిసి ఉన్నాయి. ఆడియో కేబుల్ లోపలి తీగల చుట్టూ ఉండే లోహపు అల్లిక వాటిని మళ్లీ కలపడంతో ఒక వలయం ఏర్పడుతుంది. 3.5 మిల్లీమీటర్ల కేబుల్లో ఆ అల్లికే సిగ్నల్ తిరిగొచ్చే దారి కూడా, చిక్కంతా అక్కడే. అల్లిక నిరోధం 0.1 ఓమ్, అందులో పారే కరెంటు 10 మిల్లీ ఆంపియర్లు అనుకుందాం. 1 మిల్లీవోల్టు పాటకు తోడవుతుంది. కంప్యూటర్ నుంచి యాంప్లిఫయర్‌కి వెళ్లే మామూలు సిగ్నల్ (లైన్ సిగ్నల్) 316 మిల్లీవోల్టులు, అంటే రొద దానికి 50 డెసిబెల్స్ మాత్రమే కింద ఉంది. పాటకీ పాటకీ మధ్య అది స్పష్టంగా వినిపిస్తుంది.

రెండు ప్లగ్గులూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టి చూడండి, చాలాసార్లు ఇంతతోనే తగ్గుతుంది. అదే సెటప్‌లో టీవీ ఉంటే దాని కేబుల్ వైరు కూడా పీకి చూడండి, ఎర్త్ ఆ దారిన కూడా వస్తుంది. ఎర్త్ పిన్ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తీసేయొద్దు. రొద పోవచ్చు గానీ, లోపల ఇన్సులేషన్ పాడైన రోజు పరికరం లోహపు బాడీ ముట్టుకున్నవాళ్లకి షాక్ కొడుతుంది. అసలు సాకెట్‌లోనే ఎర్త్ లేకపోతే ఇంకో తంటా: పవర్ సప్లైలోని ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల బాడీ మీద సప్లైలో దాదాపు సగం వోల్టేజీ తేలుతుంది. చేతికి జివ్వుమనేది అదే.

వలయం తెగకపోతే మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెట్టొచ్చు. లోపల ఉండేది 1:1 ట్రాన్స్‌ఫార్మర్. చవకవాటిలో కోర్ చిన్నది కాబట్టి బేస్ చితికిపోతుంది, హెడ్‌ఫోన్‌కి అసలు పనికిరాదు. రెండువైపులా ఆప్టికల్ జాక్ ఉంటే అదే మేలు, గాజో ప్లాస్టిక్కో తప్ప మధ్యలో లోహం ఉండదు. బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ (రెండు తీగల మధ్య తేడానే సిగ్నల్‌గా తీసుకునేది) ఉన్న స్పీకర్లకి ఆడియో ఇంటర్‌ఫేస్ (బయట పెట్టే సౌండ్ పెట్టె) నుంచి టీఆర్ఎస్ కేబుల్ (ప్లగ్‌కి మూడు కాంటాక్టులు ఉండేది) వేస్తే సరి.

కీచుమనే రొద అయితే కంప్యూటర్ ముందువైపు జాక్ వదిలి వెనకవైపు జాక్ వాడండి. ముందువైపు జాక్‌కి వెళ్లే సన్నటి వైరు గ్రాఫిక్స్ కార్డు పక్కనుంచే పోతుంది. యూఎస్‌బీ డాక్‌లో (DAC, కంప్యూటర్ డిజిటల్ డేటాని ఆడియో సిగ్నల్‌గా మార్చే పరికరం) 1 లేదా 8 కిలోహెర్ట్జ్ కూత వినిపిస్తే అది యూఎస్‌బీ ప్యాకెట్ల లయ, పవర్ లైన్ మీదుగా వచ్చేది. డాక్‌కి వేరే పవర్ ఇచ్చే వీలుంటే ఇవ్వండి, లేదా యూఎస్‌బీ ఐసొలేటర్ పెట్టండి. చాలా ఐసొలేటర్లు సెకనుకు 12 మెగాబిట్ల వేగానికే పరిమితం, మీ డాక్ ఆ వేగంలో నడుస్తుందో లేదో చూసుకుని కొనండి.

సుయ్‌మనేదానికి ఖర్చు లేదు: కంప్యూటర్ వాల్యూమ్ పైకి, యాంప్లిఫయర్‌ది కిందికి. వాడని మైక్, లైన్ ఇన్‌పుట్‌లు మ్యూట్ చేసి, మైక్ బూస్ట్ సున్నాకి దించండి.