నోరి చుట్టలో మన కూర పెట్టొచ్చు, మన బియ్యం మాత్రం వద్దు

జపానులో పెరిగే పిల్లలు బడిలో చూసిన మకి (నోరి అనే సముద్రపు నాచు రేకులో అన్నం పెట్టి చుట్టేది) చుట్టి పెట్టమంటే, చాలా తెలుగు ఇళ్లలో తప్పు బియ్యం డబ్బా దగ్గరే మొదలవుతుంది. సోనా మసూరితో చుట్ట నిలవదు. మెతుకు మెతుకు విడివిడిగా రావడమే మనకు గొప్ప, అందుకు కారణం ఆ బియ్యంలో ఎక్కువగా ఉండే అమైలోజ్ అనే పిండిపదార్థం. మెత్తగా ఉడికిస్తే జావ అవుతుందే గానీ జిగురు రాదు. పొట్టి గింజ జపాను బియ్యమే తీసుకోండి. అమ్మమ్మ ఊరి నుంచి వచ్చి ‘ఇది ముద్దన్నం కదా’ అన్నా సరే!

రైస్ కుక్కరుతో వచ్చే కప్పు 180 మి.లీ. ఉంటుంది. రెండు కప్పులంటే సుమారు 300 గ్రాములు. కడిగి, అరగంట నానబెట్టి, మామూలుకన్నా కొంచెం తక్కువ నీళ్లతో వండాలి. 50 మి.లీ. బియ్యపు వెనిగర్‌లో రెండు టేబుల్ స్పూన్ల చక్కెర, ఒక టీస్పూను ఉప్పు కరిగించండి. పులిహోరకు అన్నం ఆరబెట్టి కలుపుతాం, ఇక్కడ అలా కాదు. పొగలు కక్కే అన్నం మీదే పోయాలి, చల్లారితే పులుపు లోపలికి ఇంకక పైనే తడిగా నిలుస్తుంది. గరిటెతో పిసకకుండా కోసినట్టు కలుపుతూ విసరండి. విసనకర్ర పని పిల్లలకి అప్పజెప్పవచ్చు. అన్నం చేతికి గోరువెచ్చగా తగిలితే చుట్టడానికి సిద్ధం. ఫ్రిజ్‌లో పెట్టి చల్లార్చకండి, గట్టిపడుతుంది.

నోరి పూర్తి షీటు 21 × 19 సెం.మీ. పిల్లలకు సన్న చుట్టే నయం. షీటును సగానికి కోసి, నున్నటి వైపు కిందకు ఉండేలా వెదురు చాప మీద పరవండి. వెనిగర్ కలిపిన నీళ్లతో చేయి తడుపుకుని 80 గ్రాముల అన్నం పలుచగా పరచాలి. అవతలి అంచున ఒక సెంటీమీటరు ఖాళీ వదలాలి. పిల్లలు అంచుదాకా అన్నం నింపేస్తారు, చుట్ట విచ్చుకునేది అందుకే. చేతికి నీళ్లు ఎక్కువైనా నోరి మెత్తబడి చిరుగుతుంది. కోసే ముందు ప్రతిసారీ కత్తిని తడిగుడ్డతో తుడవండి. సగానికి కోసి, ఆ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి మూడేసి చేస్తే ఆరు.

లోపల ఏది పెట్టినా తడి ఉండకూడదు. కీరకాయ గింజల భాగం తీసేసి నిలువు పుల్లలుగా కోస్తే అదే కప్పా మకి. కీరకాయంటే ఇష్టపడే కప్పా అనే నీటి భూతం పేరు మీద వచ్చింది, ఈ కథ చెబితే కూరగాయ తినని పిల్లలూ తింటారు. బంగాళదుంప వేపుడు, ఉడికించి ఆరబెట్టిన క్యారెట్, గట్టిగా వేసిన ఆమ్లెట్ ముక్కలు బాగుంటాయి. ఆవకాయ పెట్టకండి, నూనె అన్నంలోకి దిగి చుట్ట జారిపోతుంది. పచ్చిచేప చిన్నపిల్లలకు వద్దు.

శాకాహార ఇళ్లు చూసుకోవాల్సింది వేరే ఉంది. కొనే తమగోయాకిలో (జపాను ఆమ్లెట్ చుట్ట), ఇనారి సంచుల్లో (వేయించిన టోఫు సంచులు) చేప దాషి, అంటే చేపతో కాచిన రసం, ఉండడం మామూలే. రుచి కలిపిన నోరిలోనూ చేప, రొయ్యల సారం ఉండొచ్చు. పైగా అది జిగటగా ఉండి చుట్టడానికి పనికిరాదు. చుట్టడానికి ఉప్పూ నూనె లేని యాకినోరి, అంటే ఉత్తగా కాల్చిన నోరి, కొనండి. ప్యాకెట్టు విప్పాక తేమ తగిలితే రబ్బరులా సాగుతుంది, కొరికితే తెగదు. సిలికా సంచితో జిప్ కవరులో దాచండి. మెత్తబడితే సన్నసెగ మీద కొన్ని సెకన్లు చూపిస్తే మళ్లీ కరకరలాడుతుంది.

చలికాలానికి వీడ్కోలు చెప్పే సెత్సుబున్ పండుగ నాడు, మామూలుగా ఫిబ్రవరి 3న, ఎహోమకి అనే లావు చుట్టను కోయకుండా, ఆ ఏటి శుభదిక్కుకు తిరిగి, మాట్లాడకుండా తింటారు. చిన్నపిల్లలకు నోరి అంగిలికి అంటుకుని పొలమారవచ్చు. వాళ్లకి సన్న చుట్టే చేసి, ముక్కలుగా కోసే పెట్టండి. నోటికి తాళం నియమం మాత్రం ఉంచుకోవచ్చు, ఇల్లు కాసేపు ప్రశాంతంగా ఉంటుంది.