లెక్క తప్పేది పట్టీ దగ్గరే

పీహెచ్‌డీ ముగించి గుండె జబ్బుల ఎపిడెమియాలజీలో (జబ్బు జనంలో ఎవరికి, ఎంతగా, ఎందుకు వస్తోందో లెక్కతేల్చే శాస్త్రం) పోస్ట్‌డాక్ శిక్షణకు వచ్చేవాళ్లలో చాలామందికి ధ్యాసంతా సాఫ్ట్‌వేర్ మీదే. మా మాట: మొదటి మూడు నెలలూ సర్వే బృందంతో ఊళ్లు తిరగండి. అరుగు మీద తప్పుగా తీసిన కొలతను తర్వాత కంప్యూటర్లో కట్టే ఏ గణాంక మోడలూ బాగుచెయ్యలేదు.

ఈ పనికి గోదావరి డెల్టా కొత్త కాదు. 2003–04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఏడాదిపాటు మరణాలకు కారణాలు వాకబు చేశారు. దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లేనని తేలింది.

ముందు బీపీ సంగతి. అరగంట ముందునుంచి టీ, చుట్ట ఉండకూడదు. ఐదు నిమిషాలు మాటల్లేకుండా కుదురుగా కూర్చోవాలి. వీపుకి ఆనుడు కావాలి, పాదాలు నేలకు ఆనాలి, పట్టీ కట్టిన చెయ్యి గుండె ఎత్తున ఉండాలి. నులక మంచం మీద కూర్చోబెడితే వీపుకి ఆనుడుండదు, చెయ్యి ఒళ్లోకి జారుతుంది. గుండెకన్నా 10 సెంటీమీటర్లు దిగితే చాలు, రీడింగ్ సుమారు 8 పెరుగుతుంది. 134 ఉన్న మనిషి 142తో బీపీ ఉన్నవాళ్ల జాబితాలోకి ఎక్కేస్తాడు. కుర్చీ వెయ్యమనండి, చెయ్యి కింద మడత పెట్టిన దుప్పటి పెట్టండి. నిమిషం ఎడంతో మూడుసార్లు తీసి, మొదటిది వదిలేసి మిగతా రెంటి సగటు కట్టండి. రోజూ సాయంత్రం ఆ రోజు రీడింగుల చివరి అంకెలు చూడండి. డిజిటల్ యంత్రంలో సున్నాలు పదింట ఒకటి దగ్గర ఉండాలి. మూడొంతులు సున్నాలే ఉంటే ఎవరో ఉజ్జాయింపుగా రాస్తున్నట్టే.

కాలం కూడా మోసం చేస్తుంది. చలికాలంలో బీపీ ఎక్కువ, ఎండాకాలంలో తక్కువ. సంక్రాంతికి మొదటి కొలత, దాళ్వా కోతలయ్యాక మేలో రెండోది తీస్తే మందేమీ ఇవ్వకపోయినా తగ్గినట్టే కనిపిస్తుంది. పోలికకు అదే రోజుల్లో కొలిచిన వేరే ఊళ్లు ఉండి తీరాలి. కోతలప్పుడు పగలు వెళితే మగవాళ్లు ఇంట దొరకరు. అప్పుడు మీ నమూనాలో మిగిలేది ముసలివాళ్లు, ఆడవాళ్లే. తెల్లారగట్ల వెళ్లండి.

ప్రశ్న అడగడంలోనూ పొరపాట్లుంటాయి. ‘సిగరెట్ తాగుతారా?’ అంటే పెద్దాయన లేదంటారు, చుట్ట మాత్రం మొలలోనే ఉంటుంది. చుట్ట, బీడీ, సిగరెట్ దేనికది విడిగా అడగాలి.

అన్నిటికన్నా కష్టమైంది మరణ కారణం తేల్చడం. పెద్దకర్మ కాకముందు ఆ గడప తొక్కవద్దు. ఇంట్లోవాళ్లు ‘గుండె ఆగిపోయిందండీ’ అంటారు. అది మరణం జరిగిన తీరే గానీ కారణం కాదు. చివరిసారి బాగా ఉన్నది ఎప్పుడు, నొప్పి ఎక్కడ మొదలైంది, చెమటలు పట్టాయా, కాలూ చెయ్యీ పడిపోయాయా, మొదటి లక్షణం నుంచి ప్రాణం పోయేదాకా ఎన్ని గంటలు పట్టింది? అన్నీ వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ఆ కాగితాలు ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చదివి కారణం రాస్తారు. తేడా వస్తే మూడో డాక్టరు తేలుస్తారు. బీరువాలో ప్లాస్టిక్ కవర్లో దాచిన ఆసుపత్రి కాగితాలు చూపించమని తప్పక అడగండి. ఈసీజీ థర్మల్ కాగితం మీద ఉంటే గీతలు వెలిసిపోతాయి. అక్కడికక్కడే, వాళ్ల అనుమతితో, ఫొటో తీసుకోండి.