తేతేలో ఒకటో తరగతి

సంచికకి ఏదైనా రాయమని మన బ్యాచ్ వాళ్లు అడుగుతుంటే బడి కబుర్లే రాద్దామనుకున్నాను. కానీ మన బడి నాకు అన్నిటికంటే ఎక్కువగా గుర్తొచ్చింది ఆఫ్రికాలోని మొజాంబిక్‌లో ఉన్నప్పుడు. అందుకే అక్కడి సంగతి రాస్తున్నాను.

తేతే ప్రావిన్సులో బొగ్గు గనిలో నా ఉద్యోగం. పొద్దున షిఫ్టు ముందు అందరం నిలబడి ఆ రోజు పని గురించి, జాగ్రత్తల గురించి మాట్లాడుకునేవాళ్లం. డ్రైవరుది నంపులా వైపు, ఇంట్లో మకువా భాష. వెల్డరు బెయిరా నుంచి వచ్చాడు, అతనిది సేనా. స్థానికులది న్యుంగ్వే. వీళ్లంతా ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలంటే పోర్చుగీసే దిక్కు. బజారులో టమాటాలమ్మే ఆవిడ బేరమంతా న్యుంగ్వేలో ఆడి ధర మాత్రం పోర్చుగీసులో చెప్పేది.

వాస్కో డ గామా 1498లో కాలికట్ చేరాడని మన సోషల్ మాస్టారు బట్టీ పట్టించారు కదా, అదే ఏడాది దారిలో మొజాంబిక్ దీవిలో ఆగాడట. 1752 దాకా పోర్చుగీసువాళ్లు ఆ దేశాన్ని గోవా నుంచే పాలించారు! అన్ని వందల ఏళ్లున్నా తమ భాషని జనానికి నేర్పాలని వాళ్లు అనుకోలేదు, అదే నాకు మండుతుంది. పోర్చుగల్ నియంత సలాజార్ కాలంలో చట్టమే జనాన్ని రెండుగా చీల్చింది. పోర్చుగీసు చదవడం రాయడం వచ్చి, వాళ్లలాగా బతుకుతున్నానని రుజువు చేసుకుంటేనే పౌరుడు, లేకపోతే 'ఇండిజెనా', అంటే స్థానికుడు, అతన్ని వెట్టిచాకిరీకి పట్టుకుపోవచ్చు. ఆ గీత దాటినవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. 1961లో ఆ చట్టం పోయింది, 1975లో స్వాతంత్ర్యం వచ్చింది. అప్పటికి పదిమందిలో తొమ్మిదిమందికి పైగా చదువే రాదు.

మరి స్వాతంత్ర్యం కోసం తుపాకీ పట్టి పోరాడిన ఫ్రెలిమో పార్టీ వాళ్లే పోర్చుగీసుని అధికార భాషగా ఎందుకు ఉంచుకున్నారు? ఏ ఒక్క స్థానిక భాషని ఎంచుకున్నా మిగతావాళ్లు దూరమవుతారు. ఫ్రెలిమో నాయకులు మోండ్లేన్, సమోరా మాషెల్ ఇద్దరూ దక్షిణాన గాజా ప్రావిన్సు వాళ్లు, వాళ్ల భాష పెడితే ఉత్తరాది ఒప్పుకునేదా? నాకైతే ఆ నిర్ణయం సరైనదే అనిపిస్తుంది. ఇంట్లో చోపి మాట్లాడుతూ పెరిగి, మిషన్ బడిలో పోర్చుగీసు నేర్చుకున్న రచయిత్రి పౌలీనా షిజియానే 2021లో ఆ భాషలో అతిపెద్ద సాహిత్య పురస్కారమైన కమోయిష్ అందుకుంది. ఆఫ్రికా మహిళకి అది దక్కడం అదే మొదటిసారి. పోర్చుగీసువాళ్లే ఏలిన అంగోలా కథ వేరు, అక్కడ 2014 జనగణన నాటికే నూటికి డెబ్బై మంది ఇంట్లో మాట్లాడేది పోర్చుగీసే, రాజధాని లువాండా పిల్లల్లో చాలామందికి అమ్మమ్మ మాట్లాడే కింబుందు రాదు. మొజాంబిక్‌లో 2017 లెక్కల్లో పోర్చుగీసుని మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు ఐదోవంతు కూడా లేరు.

కష్టమంతా పల్లె బడిలో కనబడుతుంది. నోటు పుస్తకాలివ్వడానికి ఒక ప్రాథమిక పాఠశాలకి వెళ్లాం. "బోం దియా, సెన్యోర్ ప్రొఫెసోర్!" (శుభోదయం మాస్టారూ) అని పిల్లలంతా పోర్చుగీసులో గొంతెత్తి అరిచారు. ఆ తర్వాత పాఠం మొదలయ్యేసరికి నిశ్శబ్దం. ఒక బుడ్డోడు లేచి నిలబడ్డాడు, బయటికి వెళ్లాలి కాబోలు, ఎలా అడగాలో తెలియక పక్కనున్న పెద్ద పిల్ల చెవిలో న్యుంగ్వేలో చెప్పాడు. ఆ అమ్మాయి వాడి తరఫున పోర్చుగీసులో అడిగింది. మాస్టారు మంచాయన, నవ్వి న్యుంగ్వేలోనే వెళ్లిరమ్మన్నాడు.

మన లెక్కల మాస్టారు రొట్టె తుంచి భిన్నాలు తెలుగులో చెప్పారు కాబట్టే కదా మనకి అర్థమయ్యాయి! ఇంగ్లీషు తర్వాత నేర్చుకున్నాం, ఉద్యోగాలూ చేస్తున్నాం. అక్కడా ఇంటి భాషలో చదువు చెప్పే ప్రయత్నం జరిగింది. 1993లో తేతేలో న్యాంజా, గాజాలో షంగాన భాషలతో ప్రయోగం చేశారు, 2000 దశకంలో పాఠ్యప్రణాళికలోకి తెచ్చారు. ముందు ఇంటి భాష, పక్కనే పోర్చుగీసు, రెండు మూడేళ్లయ్యాక పూర్తిగా అందులోకి. కానీ పుస్తకాలు చాలవు, శిక్షణ పొందిన టీచర్లు చాలరు. తల్లిదండ్రులకీ టెన్షనే. మా వెల్డర్‌తో దీని గురించి చాలాసార్లు వాదించాను, "మా పాపకి పోర్చుగీసు రాకపోతే ఈ గనిలో గేటు కూడా దాటనివ్వరు" అంటాడు. అతని భయం నిజమే. పోర్చుగీసు మానెయ్యమని నేను అనట్లేదు, ఆ పిల్లకి అక్షరాలు మాత్రం సేనాలో నేర్పమంటున్నాను.