భయపడకు నాన్నా

మా అక్క కూతురు గుంటూరులో బీడీఎస్ నాలుగో ఏడాది చదువుతోంది. ఈ వేసవిలో మేం డాలస్ నుంచి వచ్చేసరికి బ్రాడీపేట ఇంట్లో తరగతి చర్చకు సన్నాహాలు జరుగుతున్నాయి. పిల్లల పళ్లకు వైద్యం చేసేటప్పుడు తల్లో తండ్రో పక్కన ఉండాలా, వద్దా? ఎవరిది ఏ పక్షమో చీటీలు తీశారట. ఉండాలనే నమ్మే మా పిల్లకు ‘వద్దు’ చీటీ వచ్చింది. మాస్టారికి కావలసింది కూడా అదేనట, నమ్మని వైపు నుంచి ఆలోచించడం.

“అవతలి జట్టు చేతిలో పెద్ద ఆయుధం ఉంది పిన్నీ” అంది. ఏడ్చే పిల్లల నోటిని చేత్తో మూసి లొంగదీసే పద్ధతి ఒకటి ఉండేది. అమెరికా పిల్లల దంతవైద్యుల సంఘం దాన్ని మార్గదర్శకాల్లోంచి తీసేసింది 2006లో. తల్లి ఎదురుగా నిలబడి ఉంటే అన్నాళ్లు సాగేదా?

మా అమ్మకు అసలు గొడవేమిటో అర్థం కాలేదు. “ఏడిస్తే సూది వేయిస్తానంటే మీరంతా నోరు తెరవలేదా?”

ఇక మా పిల్ల వాదన: కుర్చీలో పడుకున్న పిల్లవాడు డాక్టరు మాట వినడు, అమ్మ ముఖం చూస్తాడు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే ఎటూ కాకుండా పోతాడు.

నాకు గత ఏడాది గుర్తొచ్చింది. ఆరేళ్ల మావాడు అక్కడి డాక్టరుతో ఇంగ్లిషులో కబుర్లాడుతూ, నొప్పి పుడితే ఎడమ చెయ్యి ఎత్తాలన్న ఒప్పందానికి మురిసిపోతూ హాయిగానే ఉన్నాడు. వెనక నుంచి నేను తెలుగులో “భయపడకు నాన్నా” అన్నాను. అంతే, చెయ్యి లేచింది. మళ్లీ దిగలేదు. వాడితో తెలుగు దేనికి వాడుతున్నానో లెక్కవేసుకుంటే సిగ్గేసింది. జారతావు, పడతావు, జలుబు చేస్తుంది. సరదాలన్నీ ఇంగ్లిషుకు వదిలేశాను.

ఈ సంగతి వినగానే మా పిల్ల వాణ్ణి వాలుకుర్చీలో పడుకోబెట్టింది. ముందు చెప్పి, తర్వాత చూపించి, ఆపైనే చెయ్యాలన్నది 1959 నాటి పద్ధతి. చిన్న అద్దాన్ని మొదట వాడి గోటికి తాకించింది, తర్వాత పంటికి. మత్తు సూది మాట ఎత్తలేదు.

“ఇప్పుడు నీ పన్నును నిద్రపుచ్చుతా.”

“మళ్లీ ఎప్పుడు లేస్తుంది అక్కా?” తెలుగులోనే అడిగాడు.

“రెండు మూడు గంటలకు. అప్పటిదాకా బుగ్గ కొరుక్కోకూడదు.”

వాడు బుగ్గ మీద చెయ్యి వేసుకుని వంటింట్లోకి వెళ్లి, పన్ను నిద్రపోతోంది, గట్టిగా మాట్లాడొద్దని అమ్మమ్మకు చెప్పాడు.