ఒంటరి జెట్ల వెనక మూడేళ్లు

పీహెచ్‌డీలో నాకు అప్పగించిన పని చెప్పడానికి తేలిగ్గానే ఉంటుంది. ప్రోటాన్లను ఢీకొట్టించే పెద్ద యంత్రం ఎల్‌హెచ్‌సీ డేటాలో ఒకవైపు పెద్ద జెట్ (కణాల గుత్తి) ఉండి ఎదురువైపు ఖాళీగా ఉన్న ఘటనలు, అంటే ఢీకొనడాలు, ఏరాలి, అవి ఉండాల్సిన దానికంటే ఎక్కువున్నాయేమో చూడాలి. దానికి మూడేళ్లు పట్టింది.

ఖాళీని వెతకడమేంటని చాలామంది అడిగారు. ఢీకొనే ముందు రెండు ప్రోటాన్లూ ఒకే గీత మీద ఎదురెదురుగా వస్తాయి. ఆ గీతకు అడ్డంగా వాటి ద్రవ్యవేగం దాదాపు సున్నా. ఢీకొన్నాక పుట్టిన కణాలన్నిటినీ అడ్డంగా కూడితే మళ్లీ సున్నాయే రావాలి. రాలేదంటే ఏదో డిటెక్టర్‌కి చిక్కకుండా వెళ్లిపోయిందన్నమాట. అది దేనికీ దాదాపు తగలకుండా దూసుకుపోయే న్యూట్రినో కావచ్చు, కంటికి కనిపించని కృష్ణ పదార్థపు (డార్క్ మ్యాటర్) కణమూ కావచ్చు. విశ్వంలోని పదార్థంలో దాదాపు 85 శాతం కృష్ణ పదార్థమే, అయినా తెలిసిన కణాలను వివరించే సిద్ధాంతమైన స్టాండర్డ్ మోడల్‌లో దానికి చోటు లేదు. నన్ను ఈ పనిలోకి లాగింది ఈ లోటే.

మేం వాడింది 2015 నుంచి 2018 దాకా 13 టీఈవీ (ఢీకొనే శక్తికి కొలమానం) దగ్గర పోగైన డేటా. ప్రోటాన్ల గుంపులు సెకనుకు దాదాపు 4 కోట్ల సార్లు ఎదురుపడితే అందులో అప్పట్లో పూర్తి వివరాలతో దాచగలిగింది సుమారు వెయ్యి చొప్పునే. మిగతాదంతా, ఏది దాచాలో క్షణంలో తేల్చే ట్రిగ్గర్ అక్కడికక్కడే వదిలేస్తుంది, మళ్లీ దొరకదు. ఈ సంగతి మొదటిసారి అర్థమైన రోజు నిద్ర పట్టలేదు. ఇన్నాళ్లుగా వెతుకుతున్నది ఆ వదిలేసిన వాటిలోనే ఉంటే? ఇప్పటికీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

అసలు కష్టం కొత్త కణంతో కాదు, ఎప్పటినుంచో తెలిసిన జెడ్ బోసాన్ అనే కణంతో. జెడ్ అయిదింట ఒకసారి రెండు న్యూట్రినోలుగా విడిపోతుంది. పక్కన ఒక జెట్ ఉందంటే చాలు, మేం వెతికే సిగ్నల్‌కీ దానికీ తేడా ఉండదు. ఏ కోత (ఘటనల్ని ఏరే షరతు) పెట్టినా దీన్ని తీసేయలేం, ఎంతుంటుందో కచ్చితంగా లెక్కగట్టడమొక్కటే దారి. అదే జెడ్ సుమారు 3.4 శాతం సార్లు రెండు మ్యూయాన్లుగా (ఎలక్ట్రాన్‌కి బరువైన బంధువులు) విడిపోతుంది, అవి డిటెక్టర్‌లో చక్కగా కనిపిస్తాయి. అందుకని ఆ ఘటనలు తీసుకుని, మ్యూయాన్లను లెక్కలోంచి తీసేసి, అవి కనబడనే లేదనుకుని ద్రవ్యవేగం మళ్లీ కూడతాం. అలా తయారైన ఖాళీయే న్యూట్రినోల ఖాళీకి కొలత. మొదటిసారి విన్నప్పుడు ఇంత తెలివైన లెక్క మరొకటి లేదనిపించింది. చిక్కల్లా ఎక్కువ శక్తి దగ్గర ఆ మ్యూయాన్ ఘటనలు కొద్దిగానే ఉండటం. అక్కడ కాంతి కణమైన ఫోటాన్‌తో పాటు జెట్ వచ్చిన ఘటనల సాయం తీసుకున్నాం. ఫోటాన్‌కీ జెడ్‌కీ ఉన్న నిష్పత్తిని సిద్ధాంతకారులు కొన్ని శాతాల తేడాలోపు లెక్కగట్టి పెట్టబట్టి మా పని నిలబడింది.

ఇదంతా సిగ్నల్ ప్రాంతంలోని, అంటే కొత్త కణం ఉంటే కనబడాల్సిన చోటి, డేటా చూడకుండానే చేయాలి. చూశాక కోతలు మారిస్తే మనకు కావలసిన జవాబు వైపు చేయి వాలుతుంది. ఈ నియమాన్ని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

రెండో ఏడాదిలో, చూడటానికి అనుమతి ఉన్న పక్క ప్రాంతంలో డేటా మా అంచనా కంటే 8 శాతం ఎక్కువ వచ్చింది. గుండె దడదడలాడింది. వారం రోజులు ఫిట్ (అంచనాను డేటాతో సరిపోల్చే లెక్క) తిరగేశాను, మరగేశాను. గైడ్ గారు ప్లాట్లన్నీ చూసి ఒక్క మాటే అడిగారు: "ఫై గీశావా?" ఫై అంటే బీమ్ చుట్టూ జెట్ ఏ కోణంలో వచ్చిందన్నది. నిజమైన జెట్లు అన్ని కోణాల్లోనూ సమంగా రావాలి. గీసి చూస్తే సున్నా దగ్గరొకటి, 180 డిగ్రీల దగ్గరొకటి, రెండు కొమ్ములు నిటారుగా నిలబడి ఉన్నాయి.

అందులో కొన్ని ఘటనలు బొమ్మగా తెరిచి చూశాను. జెట్ అంటే కణాల గుత్తి, ఆవేశం ఉన్నవి ట్రాకర్‌లో గీతలు వదలాలి. ఇక్కడ ఒక్క గీతా లేదు. శక్తిని కొలిచే కేలరీమీటర్‌లో మాత్రం బీమ్‌కి సమాంతరంగా ఒకే వరసలో శక్తి పడి ఉంది. దూరంగా ఎక్కడో దారి తప్పిన ప్రోటాన్లు దేన్నో తాకి పుట్టించిన మ్యూయాన్లు బీమ్ వెంటే వచ్చి డిటెక్టర్‌లోకి పక్కనుంచి దూరాయి. సొరంగంలోని అయస్కాంతాలు వాటిని అడ్డంగా వంచుతాయి కాబట్టి ఆ రెండు కోణాల్లోనే పోగవుతాయి. వీటిని ఏరేసే ఫిల్టర్ ఎప్పటినుంచో ఉంది. 2017 డేటాలో ఒక భాగానికి నేను పాత ఫైళ్ల జాబితా వాడాను, దానికి ఆ ఫిల్టర్ పడలేదు. తప్పు పూర్తిగా నాదే. సరిచేశాక 8 శాతం పోయింది. అది పోయినందుకు బాధపడ్డానని కూడా ఒప్పుకోవాలి.

ఆ తర్వాత సమీక్షలు. అడిగిన ప్రతిదానికీ జవాబు రాసి, మళ్లీ అడిగితే మళ్లీ రాసి, ఎనిమిది నెలలు గడిచాయి.

అన్‌బ్లైండింగ్‌కి, అంటే చూడకుండా పెట్టిన డేటా తెరవడానికి, ఒక సాయంత్రం అనుమతి వచ్చింది. కోడ్‌లో ఒక్క పదం మార్చి రన్ చేయాలి, అంతే. చేతులు చల్లబడ్డాయి. ప్లాట్ వచ్చింది. 22 బిన్లలో (డేటాను విడగొట్టిన గడుల్లో) చుక్కలన్నీ అంచనా పట్టీ లోపలే, ఒక్కటి మాత్రం రెండు సిగ్మా (మామూలు ఊగిసలాటకి కొలత) పైన. అన్ని బిన్లు చూసినప్పుడు ఒకటి ఆ మాత్రం పక్కకు జరగడం మామూలే. 2015 డిసెంబరులో 750 జీఈవీ ద్రవ్యరాశి దగ్గర ఎల్‌హెచ్‌సీలోని అట్లాస్, సీఎంఎస్ ప్రయోగాలు రెండింట్లోనూ ఫోటాన్ జంటల్లో ఇంతకంటే పెద్ద మిట్ట కనిపించింది, దాని మీద వందల పేపర్లు వచ్చాయి, 2016 ఆగస్టుకల్లా కొత్త డేటాలో అది కరిగిపోయింది. కొత్త కణం దొరికిందనడానికి అయిదు సిగ్మా కావాలి, అంటే ఉత్తి యాదృచ్ఛికంగా అలా జరిగే అవకాశం దాదాపు 35 లక్షల్లో ఒకటి. మాది దాని దరిదాపుల్లో కూడా లేదు.

మా పేపర్‌లో వచ్చింది ఒక వంపు గీత. దాని లోపలి ద్రవ్యరాశులున్న కణాలు, మేం పరీక్షించిన మోడళ్లలో, 95 శాతం నమ్మకంతో లేవని చెప్పే గీత. మూడేళ్లు పెట్టి గీసిన గీత కాబట్టి నాకది చాలా ఇష్టం. ఆ బిన్లలోని సంఖ్యలన్నీ బయట పెట్టాం, ఎవరికైనా కొత్త మోడల్ తట్టితే వాటితో సరిచూసుకోవచ్చు.

2022లో 13.6 టీఈవీ దగ్గర ఎల్‌హెచ్‌సీ మూడో విడత, రన్ 3, మొదలైంది. ఆ డేటా నా చేతికి రాగానే మొదట ఫై గీశాను. ఫిల్టర్ లేకుండా రెండు కొమ్ములూ ఉన్నాయి. పెట్టాక గీత చదునుగా వచ్చింది. అప్పుడు జెట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.